ఉల్లిపొర రంగు, బూడిద రంగు

ఆరేళ్ల పిల్లను వ్యాపారంలో భాగస్వామిగా పెట్టుకున్న మొనగాణ్ని జనరల్ బజారు మొత్తం మీద నేనొక్కణ్నే. బేరం మొదలుపెట్టింది నేనే, షరతులు ఒప్పుకున్నది నేనే, బయానా కింద ఉస్మానియా బిస్కెట్ ఇచ్చింది కూడా నేనే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మా గల్లీలో తల నెరిసిన సేట్లు కూడా నాతో ధర మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకునేవాళ్లు. అలాంటి నేను, పాలపళ్లు ఊడుతున్న పిల్ల చేతిలో నా పరువూ, మా బాపు దగ్గర నాకున్న కాస్త మర్యాదా పెట్టి వచ్చాను. ఇంతకంటే చెడ్డ బేరం చేసినవాళ్లెవరైనా ఉంటే వచ్చి చెప్పండి, చాయ్ నా ఖర్చు.

ఆ పిల్ల మా చెల్లెలు. మా ఇద్దరికీ తండ్రి ఒకరే, తల్లులు వేరు.

మాది మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపోయే జాకెట్ గుడ్డ, లంగా గుడ్డ, అంచుకు కుట్టే ఫాల్ ఇచ్చే దుకాణం. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. నేల నుంచి కప్పు దాకా రెండు గోడలకూ అరలు, అరల నిండా గుడ్డ తానులు. ట్యూబులైటు కింద రంగులు అబద్ధం చెబుతాయి. అందుకని మా బజారులో ఎవరైనా సరే చీరనూ గుడ్డనూ పట్టుకుని గల్లీలోకి పోయి ఎండలో ఆనించి చూసుకునేవాళ్లు. మా బాపు మాత్రం ముందు సీటులోంచి లేచేవాడు కాదు. చీర కొంగు వేళ్ల మధ్య పట్టుకుని, "వంగపూవు గాదు తల్లీ, నేరేడు," అంటే అది నేరేడే. ఎండకు పోయి చూసినవాళ్లు నవ్వుకుంటూ తిరిగి వచ్చేవాళ్లు.

గుమ్మం పక్కనుండే ఆ ముందు సీటు నాకు కావాలి. వచ్చినవాళ్లు మొదట చూసేది ఆ సీటులో మనిషినే. నా చోటు లోపల, కత్తెర దగ్గర. బేరం మరీ ముదిరినప్పుడు మాత్రం బాపు నన్ను పిలిచేవాడు. నేను వచ్చి ఆమె పుట్టింటి ఊరు కనుక్కుని, ఆ ఊరి మామిడికాయలు మెచ్చుకుని, ధర మాత్రం కదపకుండా గుడ్డ కట్టి ఇచ్చేవాణ్ని. నోరు నాది, పేరు సీటుది.

అమ్మ నా నాలుగో తరగతిలో పోయింది. కొన్నేళ్లకు చిన్నమ్మ వచ్చింది. ఆమె చెడ్డదై ఉంటే నా పని సులువయ్యేది. కూర ముందు నాకే వడ్డించి, మాడిన రొట్టె తను తినే మనిషి మీద చాడీ ఏమని చెబుతాం? ఇంటర్ చదివే రోజుల్లో చెల్లెలు పుట్టింది. అందరూ నన్ను చూసి, పెద్దన్నవు అయినవు అని నవ్వారు. నేనూ నవ్వాను. మీసం అప్పుడప్పుడే వస్తోంది, దాని చాటున ఎలాంటి నవ్వైనా సరిపోతుంది.

దానికి మూడేళ్లు వచ్చేవరకు నా కడుపు చల్లగానే ఉంది. అప్పుడు బాపు దాన్ని దుకాణానికి తెచ్చి బల్ల మీద కూచోబెట్టాడు.

ఆ బల్ల సంగతి చెప్పాలి. చిన్నప్పుడు నేను దాని మీద మోచెయ్యి ఆనిస్తేనే, "సరుకు ఖరాబైతది, దిగు," అని తొడ మీద ఒక్కటిచ్చేవాడు బాపు. అదే బల్ల మూల మీద ఈ పిల్లకు మెత్తగా గుడ్డ మడిచి వేసి కూచోబెట్టాడు. దాని ముందు రెండు ముక్కలు పరిచి అడిగేవాడు.

"బిడ్డా, గిదేం రంగు?"

"పాలు."

"గిది?"

"మీగడ."

"నా కండ్లు రా నువ్వు," అనేవాడు. అరల మధ్య నిలబడి నేను తాను చుడుతూ వినేవాణ్ని. ఆ మాట నన్ను ఎన్నడూ అనలేదు. నాకు పందొమ్మిదేళ్లు, దానికి రెండు పిలకలు. పిలకలను చూసి ఏడ్చిన మీసం మా బజారులో అదొక్కటే అయి ఉంటుంది.

మా ఇద్దరినీ పక్కపక్కన చూసి ఎవరైనా, "మీ పాపనా?" అని అడిగేవాళ్లు. "కాదమ్మా, మా చిన్నమ్మ బిడ్డ," అనేవాణ్ని. అందులో అబద్ధం లేదు. గజం బద్దతో కొలిచి, చివర్న ఒక అంగుళం లోపలికి కత్తిరించినట్టు అనేవాణ్ని, అంతే.

ఇక నా గుట్టు. నాకు కొన్ని రంగులు కలిసిపోతాయి. ముదురాకుపచ్చా, కాఫీ పొడి రంగూ నాకు అన్నదమ్ములు. ఉల్లిపొర రంగూ బూడిద రంగూ అయితే కవలలే. మిగతావాళ్లు కూడా నాలాగే అటూ ఇటూగా ఊహించి చెబుతారని చాలా రోజులు అనుకున్నాను. కాదని తెలిసేసరికి దుకాణంలో పనికి కుదురుకున్నాను. దాంతో అరలను కంఠస్థం చేశాను. ఏ తాను ఏ అరలో, ఏ చివర ఉంటుందో చీకట్లో కూడా చెప్పగలను. కొనడానికి వచ్చిన ఆమె చేతే రంగు పేరు అనిపించి, సరిగ్గా ఆ అరకు చెయ్యి చాచేవాణ్ని. బాపుకు తెలిస్తే ముందు సీటు మాట దేవుడెరుగు, రంగుల దుకాణంలో నాకు కత్తెర కూడా మిగలదు.

ఒక ఎండాకాలం, పెళ్లిళ్ల గిరాకీ మొదలయ్యే ముందు దుకాణం గోడలకు బాపు సున్నం వేయించాడు. పనివాళ్లు తానులన్నీ దింపి, మళ్లీ తమకు తోచినట్టు సర్దారు. మర్నాడు మధ్యాహ్నం బాపు అన్నానికి పోయాడు. సెలవులు కాబట్టి చెల్లె బల్ల మీదే ఉంది. ఒకామె వచ్చి చీర పరిచి మెహందీ గ్రీన్ అడిగింది. అలవాటైన అరలోంచి తాను లాగి, కొలిచి, అంచు మీద కత్తెర పెట్టాను.

చెవి దగ్గర గుసగుస వినబడింది. "గది కాఫీ పొడి అన్నా."

కత్తెర ఆగింది. బల్ల కింద చెల్లె కాలు చాచి, కింది అరలో ఒక తానును బొటనవేలితో తడుతోంది. "ఇదిగో అమ్మా, ముందు ఎందుకైనా మంచిదని తేడా చూపిస్తున్న. అసలు సరుకు ఇది," అని ఆ తాను తీశాను. ఆమె ఎండకు పోయి చూసి వచ్చి, సరిగ్గా కలిసిందంది. డబ్బిచ్చి వెళ్లిపోయింది.

"నీకు కనవడ్తలేదా అన్నా?" అంది చెల్లె.

"కనవడ్తుంది. నీకు వస్తదో రాదో అని పరీక్ష చేసిన."

అది తన గౌను అంచు ఎత్తి చూపింది. "అయితే గిదేం రంగు?"

"నీ గౌను రంగు నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. నీకే తెల్వది."

బేరంలో మొదటి సూత్రం, మన అవసరం ముందు బయటపెట్టకూడదు. నేను వెంటనే బయటపెట్టాను. "బాపుకు చెప్పకు."

"చెప్పకపోతే ఏమిస్తవ్?"

"ఆదివారం ఆదివారం బిస్కెట్ ఇస్త."

"రోజూ."

"రోజు ఇడిచి రోజు."

"రోజూ ఇయ్యాలె. చాయల ముంచి ఇయ్యాలె."

"ముంచితే ఇరిగి పడ్తది."

"పడితే ఇంకోటి ఇస్తవ్."

చిల్లర బేరగాళ్లను ఎంతోమందిని చూశాను కానీ ఇంత నింపాదిగా కాళ్లూపుకుంటూ గొంతు కోసినవాళ్లను చూడలేదు. సరే అన్నాను. అది కిందికి చూస్తూ, "ఇంకొకటి," అంది. "నన్ను చిన్నమ్మ బిడ్డ అనొద్దు."

"మరేమనాలె?"

"చెల్లె అను."

పైసా ఖర్చు లేని షరతు కదా అని, బేరమాడకుండా ఒప్పేసుకున్నాను. బాపు వింటే చెవి మెలిపెట్టేవాడు. అవతలివాడు ఆఖర్న నెమ్మదిగా అడిగేదే అసలు సరుకు అని నాకు నేర్పిందే ఆయన.

ఆ రోజు నుంచి ఏర్పాటు ఇలా నడిచింది. బల్ల మూల మీద అది లోపలికి కాళ్లు వేలాడేసి కూచుంటుంది. దానికి కుడివైపు బాపు సీటు, ఎడమవైపు నేను. నేను చీర మీద గుడ్డ పరచగానే దాని ఎడమ కాలు ఊగితే అవును, ఆగిపోతే కాదు. కొనేవాళ్లకు బల్ల అడ్డం, కాలు కనబడదు. అప్పుడప్పుడు కుడి కాలు కూడా ఊగుతుండేది. పిల్లలు కదలకుండా ఎక్కడ కూచుంటారులే అనుకున్నాను.

ఆ వేసవి నా దశ తిరిగింది. లోపలిదాకా వచ్చి నన్నే అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక సాయంత్రం బాపు నేను కోసిన ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసి, "నీ కన్ను తెరుసుకున్నదిరా," అన్నాడు. ఎన్నేళ్లుగానో ఆ మాట కోసం కాచుకున్నాను. తీరా అది వచ్చి నా మీద వాలగానే, పక్కన బిస్కెట్ నాకుతున్న పిల్ల వైపు చూడాల్సి వచ్చింది. మెప్పు నాకు, సరుకు దానిది. పొగిడినప్పుడు కూడా అసూయపడ్డ మనిషిని మీరు చూసి ఉండరు. ఏడుస్తూనే బిస్కెట్ ముంచి ఇచ్చాను. విరిగి పడింది. ఇంకోటి ఇచ్చాను.

దుకాణం కట్టేసి బన్సీలాల్‌పేట్‌లో మా ఇంటి దాకా నడిచే దారిలో అది సగంలోనే నా భుజం మీద నిద్రపోయేది. మెడకు దాని చెమటా చాయ్ వాసనా అంటుకునేవి. గుమ్మంలో చిన్నమ్మ చేతులు చాచేది. "ఏందిరా, దుకాణంల తాను లెక్క పట్టుకున్నవ్. ఇటియ్యి," అనేది. ఇచ్చేవాణ్ని, కానీ ఒక క్షణం ఆలస్యంగా. అది నిద్రలోనే తల్లి మెడ చుట్టూ చేతులు వేసేది, నా మెడను వదిలినంత సులువుగా. నాకు కడుపులో మండేది. అంతవరకు దాన్ని చూసి ఏడ్చాను. ఆ తర్వాత దాని కోసం ఏడవడం మొదలైంది. పక్కింటి పిల్లతో గవ్వలాడితే ఏడుపు, బాపు మీసం పీకితే ఏడుపు. రకం మారింది కానీ సరుకు అదే.

బళ్లు తెరిచారు. అది సాయంత్రం నాలుగు దాటితే కానీ దుకాణానికి రాదు. పొద్దున వచ్చినవాళ్లతో, "సాయంత్రం రండమ్మా, కొత్త సరుకు దిగుతుంది," అనడం నేర్చుకున్నాను. విచిత్రం ఏమిటంటే, ముందు సీటులోంచి బాపు కూడా అదే మాట అనసాగాడు. నా తెలివి చూసి ఆయనా నేర్చుకుంటున్నాడని మురిసిపోయాను.

మళ్లీ పెళ్లిళ్ల కాలం వచ్చింది. ఒక సాయంత్రం మారేడుపల్లిలో ఉండే టీచరమ్మ వచ్చింది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవుల కుటుంబం వాళ్లది. కూతురి పెళ్లి. వాళ్లలో పెళ్లికూతురు తెల్లచీర కట్టుకుంటుంది. ఆ చీరా, తనకు కొనుక్కున్న ఉల్లిపొర రంగు చీరా బల్ల మీద పరిచింది.

"ఏవండీ, మా పెద్దమ్మాయి పెళ్లికి ఇంకో షాపువాడు పాలతెలుపుకి మీగడ రంగు గుడ్డిచ్చి చర్చిలో నా పరువు తీశాడు. ఈసారి మీరిద్దరూ కలిసి చూడండి. ఒకరు చెప్తే నేను ఒప్పుకోను," అంది.

అప్పటివరకు ఎన్నడూ మేమిద్దరం ఒకేసారి రంగులు చూడ్డానికి వంగలేదు. బాపు తెల్లచీర కొంగు పట్టుకున్నాడు. నేను ఉల్లిపొర చీర కొంగు పట్టుకున్నాను. ఇద్దరం గుడ్డలు పరిచాం. పరిచి, ఇద్దరం తల వంచి బల్ల కిందికి చూశాం. అక్కడ ఒకరి కళ్లు ఒకరికి ఎదురుపడ్డాయి.

చెల్లె కాళ్లు రెండూ ఒకసారి ఊగాయి, ఆగాయి, మళ్లీ ఒకటి ఊగింది, ఇంకోటి దానికి తగిలింది. అది ఏడుపు ముఖం పెట్టి గట్టిగానే అంది: "ఒకలెన్క ఒకలు అడగుండ్రి. రెండు కాళ్లు ఒక్కసారి ఊపనీకి నాకు రాదు."

"పిల్లనడుగుతారేంటండీ బాబూ," అంది టీచరమ్మ.

జనరల్ బజారులో నాకు మాట దొరకని సందర్భం అదొక్కటే. చెల్లె బల్ల మీంచి జారి దిగింది. అరల ముందు అటూ ఇటూ తిరిగి రెండు తానుల అంచులు లాగించి, ముక్కలు కోయించుకుని, చీరలతో పాటు టీచరమ్మ చెయ్యి పట్టుకుని గల్లీలోకి పోయింది. ఎండ వాలే వేళ. ఇద్దరూ వంగి చాలాసేపు చూశారు. తిరిగి వచ్చి టీచరమ్మ ధర కూడా అడగకుండా పర్సు తీసింది. "ఎవరమ్మాయి? మీ మనవరాలా?" అని బాపును అడిగింది.

"నా బిడ్డ," అన్నాడు బాపు.

ఆమె నా వైపు చూసింది. "మా చెల్లె," అన్నాను. షరతు కోసం అనలేదు. ఆ క్షణంలో బాపు దాన్ని మొత్తంగా తన పేరు మీదికి తీసుకుంటున్నాడనిపించి అన్నాను.

ఇంటికి నడుస్తుంటే చెల్లె ముందు గెంతుతోంది. ఇద్దరి దగ్గరా రోజూ లంచం తిన్న పిల్లకు ఆకలెలా వేస్తుంది, గెంతక ఏం చేస్తుంది. బాపు నా పక్కకు వచ్చి అడిగాడు.

"నీకు ఎప్పటి సంది?"

"పుట్టినప్పటి సంది గావొచ్చు. నీకు?"

"దాన్ని బల్ల మీద కూసుండబెట్టిన సంది. పొర కమ్ముతున్నది. తెలుపు, మీగడ ఒక్క తీర్గనే కనవడ్తున్నయి."

నేను అసూయపడ్డ ఆ ముద్దులూ, ఆ మెత్తటి గుడ్డా, ఆ పాలూ మీగడా ఆటా... అన్నీ ఒక కంటిచూపు మందగించిన వ్యాపారి ఏర్పాట్లు. ఇది తెలిస్తే మనసు తేలిక పడాలి. పడలేదు. ఆయన గుట్టు చెప్పుకున్నది దానికి, నాకు కాదు. అంతకంటే పెద్ద సంగతి, అది నాకంటే ముందు ఆయనతో ఒప్పందం చేసుకుంది. నేను రెండో భాగస్వామిని.

"నాకు చెప్పొచ్చు గదా," అన్నాను.

"చెప్తే సీటు గుంజుకుంటవని భయం. నువ్వెందుకు చెప్పలే?"

"చెప్తే సీటియ్యవని."

బాపు నవ్వాడు. కొంత దూరం పోయాక, "మీ అమ్మోళ్ల నాయినకు సుత గిట్లనే," అన్నాడు. "ఎర్ర లుంగీ గట్టుకోని ఆకుపచ్చది గట్టిన అంటుండె. తల్లి దిక్కునుంచి మగపిల్లలకు వస్తదంట గిది."

అంటే ఇది అమ్మ ఇచ్చింది. చెల్లెకు రానిదీ, రాలేనిదీ. దాని తల్లి వేరు కాబట్టి దాని కళ్లకు వంగపూవు వేరు, నేరేడు వేరు. అమ్మ నుంచి నాకు మిగిలినవి ఒక ఫోటో, ఒక ఇత్తడి చెంబు, ఇప్పుడు ఇది. కాసేపు గర్వంగా కూడా అనిపించింది. తర్వాత ముందు గెంతుతున్న పిలకలను చూస్తే మళ్లీ మామూలే.

బాపు కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు. కట్టు విప్పాక దుకాణానికి వచ్చి, అరలన్నీ కొత్తగా పెళ్లిచూపులకు వచ్చినవాడిలా చూశాడు. ఆ వారమే చెల్లె నన్ను పక్కకు పిలిచి, "బాపుకు ఇగ కనవడ్తుందంట. ఇప్పటి సంది నీ ఒక్కనికే చెప్త," అంది. లోకంలో నాకు అంతకంటే తియ్యటి మాట ఎవరూ చెప్పలేదు. "అయితే రెండు బిస్కెట్లు," అని తర్వాత అంది. గిరాకీ సగమైతే ధర తగ్గాలి కదా అన్నాను. బాపు ఇచ్చే బిస్కెట్ పోయింది కదా, అది ఎవరియ్యాలె అంది.

బాపు తీర్పు కూడా అప్పుడే చెప్పాడు, కొట్టు తుడుస్తూ, నా ముఖం చూడకుండా. "నీ నోరు మంచిది, కన్ను గాదు. సరుకు కొననీకి నువ్వు పో. సీటు నేను సూసుకుంట. బిడ్డ సదువైనంక దాని ఇష్టం." ఏజెంట్ల దగ్గర, మిల్లుల దగ్గర గీచి గీచి కొనే పని నాది. తిట్టలేదు, వెళ్లగొట్టలేదు. సీటు ఇవ్వలేదు. అంతే.

చెల్లె బీకాం చదివింది. బ్యాంకు పరీక్షలు రాయమని చిన్నమ్మ పోరుతుండగానే ఒకరోజు వచ్చి ముందు సీటులో కూచుంది. బాపు లేచి చోటిచ్చాడు, పండగ భోజనానికి పిలిచినట్టు. నేను సూరత్ సరుకు మూట విప్పుతూ చూశాను. పెళ్లై అల్వాల్ వెళ్లినా రోజూ బస్సెక్కి వస్తుంది. బాపు పోయాక కూడా ఆ సీటు సంగతి మా ఇద్దరి మధ్య మాటగా రాలేదు.

ఒక్కసారి నేనే కదిపాను. "నిన్ను జూస్తే నాకు కడుపుమంటనే," అన్నాను, చాయ్ తాగుతూ, తమాషాగా అన్నట్టు.

"తెలుసు," అంది. "నాకు సుత ఉంది. ఒక్కమ్మ నోరు జేస్తే పది రూపాయలు తగ్గించి ఇచ్చేస్త. నీ నోరు నాకెందుకు రాలేదని రోజూ అనుకుంట."

వినడానికి బాగుంది. కానీ కొనేవాడి మనసు చల్లబరచడానికి ఇలాంటి మాటలు నేను రోజుకు ఎన్నో చెబుతాను. ఇంట్లో నేర్చుకున్న విద్యను ఇంట్లోనే నమ్మడం కష్టం. కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాను.

ఇక మిగిలిన లెక్క. నేను పెట్టినవి బిస్కెట్లు, కొంత చాయ్, ఇంతకాలపు ఏడుపు. అవి చెల్లుకు చెల్లు. పొద్దున షటరు ఎత్తగానే, "అన్నా, తిన్నవా?" అని అడిగే మనిషి ఒకరు ఉన్నారు. ఆ ఒక్క మాటతో బిస్కెట్ల బాకీ ఎప్పుడో తీరిపోయింది. ఆమె చెల్లె అనిపించుకుంది, నేను అన్నను అనిపించుకున్నాను. అక్కడ ఎవరూ ఎవరికీ బాకీ లేరు. సీటు మాత్రం తేలలేదు. అందులో తను కూచోవడం సరైనదని నాకు తెలుసు, అయినా నాకు కావాలి. ఈ రోజు తను ఖాళీ చేస్తానన్నా నేను మొహమాటం లేకుండా వెళ్లి కూచుంటాను. అన్నీ కూడి, అన్నీ తీసేస్తే, నాకు నష్టమే. ఆ సీటు వెడల్పెంతో అంత. దానికి మించి ఒక్క అంగుళం లేదు.